వెనక సీటు బరువు

గతుకు వచ్చినప్పుడల్లా బైకు వెనకభాగం దబ్బున కూలబడేది. "బండికేం, రాయిలా ఉంది. వెనక కూర్చునే మనిషి బరువు అలాంటిది" అని భర్త పదిమందిలో నవ్వేవాడు. భార్యా నవ్వేది.

దూరప్రయాణానికి ముందు, మనిషి ఎక్కితే వెనక స్ప్రింగు ఎంత దిగుతుందో కొలిచి సస్పెన్షన్ సరిచేద్దామని షెడ్డులో టేపు తీశాడు. కూర్చున్నవాడు కొలవలేడు కనక టేపు ఆమెకిచ్చి, తానొక్కడే బండెక్కాడు.

"ఎంత దిగింది?"

ఆమె వంగి చూసింది. మళ్ళీ చూసింది. "స్ప్రింగు పూర్తిగా దిగిపోయిందండీ. నేనెక్కితే ఇక దిగడానికేం మిగల్లేదు."

అతని చెవులు వేడెక్కాయి. "స్ప్రింగు పాతదై ఉంటుంది."

"అయ్యుంటుంది" అందామె.

ఆకలి లేదంటూ ఆర్నెల్లుగా రాత్రిళ్ళు మంచినీళ్ళు తాగి పడుకుంటున్న మనిషి, ఆ రాత్రి తనకూ ఓ కంచం పెట్టుకుంది.

ఎదురుగా కూర్చున్న అతనికి ముద్ద దిగలేదు.