రెండు వేళ్ళ ఎత్తు

"ఆపు! ఆపు! ఆపు!" అని వెల్డరు గావుకేక పెట్టాడు.

జీపు నడుపుతున్న మేస్త్రీ బ్రేకు తొక్కి, దూకి, వెనక్కి పరిగెత్తాడు. ట్రైలరు మీదున్న బోటు ముందు అద్దం, ఆ బోట్ల రిపేరు షెడ్డు గుమ్మం పైనున్న ఇనప దూలానికి తగలబోయి ఆగింది. కొలిస్తే బోటే రెండు వేళ్ళు ఎత్తు.

"నిన్న నేనే టేపు పెట్టి కొలిచానే! దర్జాగా పట్టిందే!" నెత్తి కొట్టుకున్నాడు మేస్త్రీ.

మూడు రోజులుగా ఆ బోటుని చంటిపిల్లని సాకినట్టు సాకాడు. యాంటెన్నా, దీపాలు ఊడదీశాడు. ప్రొపెల్లరుకి పాత దుప్పటి చుట్టాడు. ఇంజను పైకెత్తి కట్టాడు, పట్టీలు బిగించాడు. ఇక టార్పాలిన్ కప్పడమే మిగిలింది. రేపు సాయంత్రానికి తొమ్మిది వందల కిలోమీటర్ల అవతల సరస్సు దగ్గరుండాలి. లేకపోతే బోటు ఓనరు మళ్ళీ ఈ గుమ్మం తొక్కడు.

"టైర్లలో గాలి తీసేద్దామా?" అన్నాడు పెయింటరు.

"తీసి మళ్ళీ దేంతో నింపుతావ్, నీ నోటితోనా? పంపు రిపేరుకెళ్ళిందిగా!"

"మనుషుల్ని ఎక్కించండి. బరువుకి అదే దిగుతుంది," అంది మేస్త్రీ భార్య తాపీగా.

మేస్త్రీ గుర్రుగా చూశాడు. జీపు తనే నడుపుతానని ఆవిడ పొద్దుటి నుంచీ చెవిలో జోరీగలా పోరుతోంది. లైసెన్సు వచ్చి రెండేళ్ళయిందట, ఒక్కసారన్నా స్టీరింగు ఇవ్వలేదట! "నాలుగు టన్నుల బోటు లాగడమంటే కూరలు తరగడం కాదు, నా ప్రాణం పోయినా ఇవ్వను" అని తెగేసి చెప్పాడు.

కానీ ఇప్పుడు గత్యంతరం లేదు. వెల్డరు, పెయింటరు, పక్క షెడ్డు వడ్రంగులు, వాళ్ళ పెళ్ళాలు, మొత్తం పద్నాలుగు మంది బోటెక్కి తలలు వంచుకుని కూచున్నారు. ట్రైలరు కిర్రుమంటూ కుంగింది. అయినా ఇంకా అర వేలు అడ్డం.

"ఇంకొక్కరు చాలు. కాస్త ఒళ్ళున్న మనిషి," అంది భార్య.

అందరి కళ్ళూ మేస్త్రీ బొజ్జ మీద వాలాయి.

"నేనెక్కితే బండెవడు నడుపుతాడ్రా?"

భార్య చెయ్యి చాపింది. మేస్త్రీ తాళంచెవి ఆ చేతిలో పెట్టి, గొణుక్కుంటూ బోటెక్కాడు.

జీపు చీమ నడిచినట్టు కదిలింది. దూలం కింద నుంచి బోటు జారిపోయింది. చప్పట్లే చప్పట్లు! మేస్త్రీ దిగి చుట్టూ తిరిగి చూశాడు. గీత కూడా పడలేదు. టార్పాలిన్ కట్టాక, ఏమనుకున్నాడో ఏమో, వెళ్ళి పక్క సీట్లో కూచున్నాడు.

"సరే, పోనీ. ఏ మాటకామాటే, చెయ్యి మాత్రం నిలకడగా ఉంది."

భార్య మొహం చేటంతయింది. వంద కిలోమీటర్లు దాటాక మేస్త్రీ ఆవిడ వైపు తిరిగాడు.

"అంతా బానే ఉంది గానీ, నిన్న సరిపోయిన బోటు ఇవాళ రెండు వేళ్ళు ఎలా పెరిగిందంటావ్?"

ఆవిడ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా చెప్పింది.

"పొద్దున మీరు టీకి వెళ్ళినప్పుడు, వెల్డరు చేత జాకీ పెట్టించి, బోటుకీ ట్రైలరుకీ మధ్య రెండు వేళ్ళ మందం రబ్బరు వేయించానండీ."