ముందు బోంజూ, తర్వాత బేరం

“ముట్టుకోకు. ముందు బోంజూ అను.”

పొద్దుటి నుంచి యూఫీమియా ఆ మాట అనడం అది నలభయ్యోసారి.

షికారు ఓడ దిగి వచ్చి ఎండకు కందిపోయిన తెల్లదొర చేతిలో ఉన్న టోపీని బల్ల మీద పడేసి పక్క కొట్టుకు వెళ్లిపోయాడు.

“ఆ బోర్డు తీసెయ్యవే తల్లీ,” అంది పక్క కొట్టు మార్సెలిన్. “కాస్ట్రీస్ రేవు మొత్తమ్మీద నీ ఒక్కదానికే ఈ పంతం.”

బోర్డు యూఫీమియా కొట్టు నెత్తిన వేలాడుతోంది. ‘ముందు బోంజూ, తర్వాత బేరం.’ బోంజూ అంటే ఆ దీవివాళ్ల క్రియోల్ భాషలో నమస్కారం.

“నీ ఇంటికొచ్చినోడు పలకరించకుండా తిన్నగా కుండలో చెయ్యి పెడితే ఊరుకుంటావా? ఇదీ అంతే.”

“ఊరుకోను. కానీ ఇది ఆఖరి ఓడే.”

యూఫీమియా దొర పడేసిన టోపీని తీసి మళ్లీ వరసలో పెట్టింది.

మధ్యాహ్నం రెండింటికి ఈ ఓడ కదిలితే మళ్లీ నవంబరు దాకా పెద్ద ఓడ రాదు. ఈలోపు వానలు మాత్రం వస్తాయి. అమ్మ మంచం పైన ఇంటికప్పు రేకులు నిరుటి తుపానుకే ఎగిరిపోయాయి. ఇప్పుడక్కడ ఉన్నది ఒట్టి టార్పాలిన్ పట్టా. రేకులు వేయించాలంటే తాడు మీద ఆరేసిన ఆ మద్రాసు గళ్ల దుప్పటి ఇవాళే అమ్ముడుపోవాలి. ఆ దీవిలో పండక్కి అందరూ కట్టుకునే గళ్ల గుడ్డను ఆర్నెల్లు కూర్చుని ముక్కముక్కా అతికి కుట్టిన దుప్పటి అది.

చూసినవాళ్లకు కొదవ లేదు. ఒకావిడ దాన్ని భుజాల మీద కప్పుకుని మరీ ఫోటో దిగి, నేల మీద వదిలేసి పోయింది. యూఫీమియాకు ఒళ్లు మండిపోయింది.

పన్నెండు కావస్తుండగా ఒక ముసలాయన వచ్చాడు. మనిషిది తమ రంగే కానీ మెళ్లో ఓడ ప్రయాణికుల కార్డు ఉంది. అంత ఎండలోనూ మెడకు గుడ్డ చుట్టుకున్నాడు.

నేరుగా దుప్పటి దగ్గరికి వెళ్లి రెండు చేతులతో పట్టుకున్నాడు. కుట్లు తడిమి చూశాడు.

“బోంజూ,” అంది యూఫీమియా గట్టిగా.

ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచాడు. నోరు విప్పలేదు.

“బోంజూ అన్నాను.”

మళ్లీ అదే వంగడం.

యూఫీమియా తన క్రియోల్‌లోకి దిగింది. ఓడవాళ్లకు ఆ భాష రాదు కాబట్టి తిట్టుకోవడానికి హాయిగా ఉంటుంది.

“ఏంటయ్యా పెద్దమనిషీ, రాత్రి మనిద్దరం ఒకే మంచం మీద పడుకుని లేచామా, పలకరింపు లేకుండా బేరానికి దిగడానికి?”

ముసలాయన భుజాలు కదిలేలా నవ్వాడు. శబ్దం రాలేదు.

“అర్థమైనట్టే నవ్వాడే,” అంది మార్సెలిన్.

“వీళ్లకేం అర్థమవుద్ది. కోతిని చూసినా నవ్వుతారు, నన్ను చూసినా నవ్వుతారు.”

ఆయన వేలితో మెడ చూపించాడు.

“దాహమా? కొబ్బరిబొండాలు ఆ మూల అమ్ముతారు. వెళ్లు.”

ఆయన తల అడ్డంగా ఊపి, ఒక చేత్తో దుప్పటి వదలకుండానే రెండో చేత్తో సంచిలో ఏదో వెతకసాగాడు. యూఫీమియాకు పొద్దుటి నుంచి దిగమింగిన కోపమంతా అప్పుడే పైకొచ్చింది. ఆయన చేతిలోంచి దుప్పటి లాక్కుంది.

“నోట్లోంచి ఒక్క మాట రాల్చలేనోడికి నా కష్టం అమ్మను. పో.”

ముసలాయన సంచి మూసుకుని, మెల్లగా టాక్సీల వైపు వెళ్లిపోయాడు.

“కొనేవాడేనే,” అంది మార్సెలిన్.

“కొననీ. మర్యాద అమ్ముకుని రేకులు వేయించుకోనా?”

అనడానికి అంది కానీ మనసు కుదుట పడలేదు. ఆ తర్వాత బోంజూ అన్నవాళ్లు ముగ్గురొచ్చారు. ముగ్గురూ ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం బొమ్మలే కొన్నారు.

రెండింటికి ఐదు నిమిషాలుందనగా టాక్సీ నడిపే హిలారియన్ ఆయాసపడుతూ వచ్చాడు.

“అక్కా, బోర్డున్న కొట్టు నీదేగా? మెడకు గుడ్డ చుట్టుకున్న ముసలాయన ఒంటిగంటకే ఇచ్చాడు ఈ కాయితం. ఆయన్ని ఓడ దగ్గర దింపి ఇటొద్దామంటే దారిలో బళ్లు కదిలితేనా. తనే వద్దామనుకున్నాడు గానీ, మళ్లీ కనిపిస్తే కోప్పడతావని రాసి చూపించాడు.”

కాగితం మీద క్రియోల్‌లో పెద్ద పెద్ద అక్షరాలున్నాయి.

‘బోంజూ తల్లీ. నాలుగేళ్ల కింద జబ్బు చేసి గొంతు తీసేశారు, మాట రాదు. నువ్వు కోప్పడటం సబబే. ఆ దుప్పటికి ఏ ధరైనా సరే ఇస్తాను. నాకింక ఎక్కువ రోజులు లేవు, ఆఖరికి మన గుడ్డే కప్పుకోవాలని ఉంది. ఓడ కదిలేలోపు తెస్తావా?’

యూఫీమియా దుప్పటి చంకన పెట్టుకుని పరుగెత్తింది. మార్సెలిన్, హిలారియన్ వెనకే పరుగెత్తారు.

రేవు గేటు మూసి ఉంది.

“ఓడ మెట్లు తీసేశారమ్మా,” అన్నాడు కాపలావాడు.

“చేతికిచ్చి వచ్చేస్తా. ఒక్క నిమిషం.”

“ఎవరి చేతికిస్తావు? చూడు, కదిలింది.”

యూఫీమియా గేటు చువ్వలు పట్టుకుని నిలబడింది. ఆ మనిషి మెడ చూపించినప్పుడు కొబ్బరిబొండాల దారి చూపించింది తనే. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

“మన మనిషైతే నేను గుర్తుపట్టకుండా ఎలా ఉంటాను?” అంది.

“మొహం ఎవరికి తెలుసక్కా. దేశం విడిచే పదిహేనేళ్లయిందంట. కాయితం వెనక పేరుంది చూడు.”

మార్సెలిన్ కాగితం తిప్పి పేరు పైకి చదివింది. కాపలావాడు టోపీ తీసేశాడు.

పాతికేళ్లపాటు రోజూ తెల్లారగానే రేడియోలో ఒక్కో ఊరినీ పేరు పెట్టి పిలిచి బోంజూ చెప్పిన తేయో మామ ఆయన. యూఫీమియా పసిపిల్లగా అమ్మ అనడం కన్నా ముందు బోంజూ అనడం నేర్చుకున్నది ఆ గొంతు దగ్గరే.