నీడకు ఆరిన తోడు

గోపమ్మ గరిటె పైకెత్తింది. పెరుగు తీగలా సాగింది.

"థూ! గీరోజు గూడ గట్లనే!"

నయాపైసలు వచ్చిన ఏడాది అది. రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండలు. చేను ఎప్పుడో మాడిపోయింది. ఇంట్లో ఇన్ని నోళ్లకు కూడు పెడుతున్నది ఒక్క బర్రె. దాని పెరుగు కల్వకుర్తి హోటలుకు పోతేనే పొయ్యి వెలిగేది.

హోటలు వెంకటనర్సు నిన్ననే తేల్చి చెప్పాడు.

"ఎల్లుండి దాక సూస్త గోపమ్మా. మంచి పెరుగు తెస్తివా సరే, లేకుంటె ఇంకో ఊరికి చెప్పుకుంట."

ఇరుగుపొరుగు తోడు తెచ్చి వేసినా లాభం లేకపోయింది. ఊళ్లో ఎవరింట చూసినా అదే తీరు. ఎవరో బాణామతి చేశారన్నారు. మన జనానికి నెత్తి మీది ఎండ కనపడదు, మంత్రగాడు మాత్రం కనపడతాడు!

ఆ పూటే గడప ముందు ఒక ముసలామె ఆగింది. కాళ్లకు చెప్పుల్లేవు. మోకాళ్ల దాకా దుమ్ము.

"బిడ్డా, గుక్కెడు సల్ల పోస్తవా?"

"ఏం సల్ల అవ్వా! సూడు, నా పెరుగు గతి."

ముసలామె అరచేయి పట్టి, కాస్త పెరుగు వేయించుకుని నాకి చూసింది.

"ఎండకు తోడు సచ్చింది. కుండకు గూడ పట్టింది. గీ కుండ పారెయ్యి, కొత్తది తెచ్చుకో. తోడు నేనిస్త."

కొంగు విప్పి ఒక పేలిక తీసింది. ముడి వేసి, తెల్లగా, బిరుసుగా ఉంది.

"గిది తోడా?"

"పెరుగుల ముంచి నీడకు ఆరవెట్టిన. ఒక్కపారే ఎండల ఏస్తె సస్తది బిడ్డా. రోజింత రోజింత ఆరవెడితె మొండివడ్తది. ఇగ ఎండకు సావదు, ఆకలికి సావదు. గోరువెచ్చటి పాలు తగిల్తె మల్ల లేస్తది."

"మరి నీకో?"

"మా పసులన్ని వొయినయ్. గిదొక్కటే మిగిలింది. మీ ఊర్ల పెరుగు చెడ్డదని అంగట్ల ఇన్న. నడుసుకుంట వచ్చిన."

గోపమ్మ చేయి చాచింది. మునిగేవాళ్ల ఆశ!

"మీ మామ ఇంట్ల లేడా?"

"జడ్చర్ల వోయిండు. మాపటికి వస్తడు. నీకెర్కనా?"

ముసలామె పేలికను గోపమ్మ చేతిలో పెట్టింది.

సరిగ్గా అప్పుడే గోపమ్మ మగడు జానయ్య వచ్చాడు. ముక్కూమొహం తెలియని మనిషి, ముడి వేసిన గుడ్డ. ఇంకేం కావాలి!

"ఓసినీ! బాణామతి గుడ్డ తెచ్చి మా ఇంట్ల వెడ్తున్నవా?"

"తోడు కొడుకా. ఒక్కపూట పాలల్ల ఏసి సూడు."

"ఏసినంక మా బర్రె సస్తె నువ్విస్తవా?"

పేలిక లాక్కుని పొయ్యిలో పడేశాడు. చూస్తుండగానే కాలిపోయింది.  గోపమ్మ చెప్పినా వినే రకం కాదు.

వాడకట్టంతా మూగింది. ఎవరో పెంట విసిరారు.

"పో! మల్ల గీ గడప తొక్కితె పండ్లు రాలగొడ్త!"

ముసలామె ఏడవలేదు, తిట్టలేదు. కొంగు దులుపుకుంది.

"మీ మామకు చెప్పు బిడ్డా. అండాలు అనేటామె వచ్చివోయిందని."

మిట్టమధ్యాహ్నపు ఎండలో పడి వెళ్లిపోయింది. ఆమెకు మంచినీళ్లు ఇచ్చిన పాపాన కూడా ఎవరూ పోలేదు.

మాపటికి మామ ఐలేశం జడ్చర్ల నుంచి వచ్చాడు. గోపమ్మ జరిగిందంతా చెప్పింది. పేరు వినగానే ముసలాయన అరుగు మీద కూలబడ్డాడు.

"ఏం చేసిండ్రు ఆమెను?"

"ఎల్లగొట్టినం బాపు," అన్నాడు జానయ్య, ఏదో ఘనకార్యం చేసినట్టు.

"ఉరుకు! కాళ్లు మొక్కి తోల్కరా!"

జానయ్య ఊరి పొలిమేర దాకా, అటు నుంచి సడక్ దాకా ఉరికాడు. ఒక్కడే తిరిగొచ్చాడు.

"యాడ కానరాలే బాపు. ఎవలామె?"

ఐలేశం తలెత్తలేదు.

"ఇన్నేండ్లు మనం అమ్ముకొని బతికింది ఆమె తల్లిగారింటి నుంచి తెచ్చిన తోడుతోనేరా. మీ అమ్మను చేస్కోకముందు, పిల్లలు కాలేదని గీ ఇంట్లకెల్లి నేను ఎల్లగొట్టిన నా మొదటి పెండ్లాం."