జానెడు దూరం

"హారన్ కొట్టకండి, గుర్రం బెదురుతుంది," అంది ట్యాక్సీ డ్రైవరు భార్య, పక్క సీట్లోంచి.

అతను అప్పటికే అరచెయ్యి ఆనించి హారన్ మోగిస్తున్నాడు. రెండు పక్కలా కంచెలున్న ఇరుకు రోడ్డు. ముందు ఒక ఎర్ర గుర్రం తాపీగా నడుస్తోంది. దాని మీదున్న పసుపు కోటు అమ్మాయి వెనక్కి తిరిగి, కుడిచెయ్యి పక్కకు చాచి పైకీ కిందికీ ఊపింది.

"చూశావా పొగరు! చెయ్యి ఊపి నన్నే అదిలిస్తోంది."

"నెమ్మదిగా రమ్మని సైగండీ అది. రోడ్డు మొదట్లో గుర్రం బొమ్మతో బోర్డు కూడా ఉంది."

"బొమ్మ వేస్తే రోడ్డంతా దానికి రాసిచ్చేసినట్టా? ఊరేగాలనుంటే వాళ్ల పెరట్లో ఊరేగమను."

అతనికి ఇరవై రెండేళ్ల అనుభవం. ఆ ముక్క రోజుకు నాలుగుసార్లయినా ఎవరో ఒకరికి వినిపిస్తాడు. ఇన్నేళ్లలో అతను నేర్చుకున్నవి రెండే: హారన్ కొట్టడం, ఎదుటివాణ్ణి తిట్టడం. ఆ రెండింట్లోనూ అతన్ని కొట్టేవాడు లేడు.

"లైసెన్సు మీద ఇప్పటికే రెండు కేసులున్నాయి," అంది భార్య గొంతు తగ్గించి. "మూడోది పడితే రద్దేనన్నారు. మన పొయ్యి వెలిగేది ఆ కార్డు మీదేనండీ."

"నిన్ను కుట్టుమిషన్ దగ్గర దింపడం ఆలస్యమైతే మళ్లీ నన్నే సాధిస్తావు. నోర్మూసుకుని కూర్చో."

అంటూనే వేగం పెంచి, గుర్రాన్ని రాసుకుంటున్నట్టుగా దాటించాడు. గుర్రం ఒక్కసారిగా ఎగిరి వెనక్కాళ్లు విసిరింది. ఠప్పుమని చప్పుడైంది. ఎడమవైపు అద్దం విరిగి, వైరు పట్టుకుని వేలాడింది.

"అయ్యో, ఆ అమ్మాయి! ఆపండి, ఒక్కసారి ఆపండి!"

"ఏం కాదు. పక్కనంతా గడ్డేగా, పరుపులా ఉంటుంది. నా అద్దం సంగతి చూడు ముందు!"

దారి పొడుగునా అతను అద్దం గురించే ఏడ్చాడు, పోలీసులకు ఫిర్యాదు చేస్తానన్నాడు. తను బట్టలు కుట్టే దుకాణం ముందు దిగుతూ భార్య బతిమాలింది. "ఈ గొడవ ఇక్కడితో వదిలేయండి. స్టేషన్ వైపు మాత్రం వెళ్లకండి."

"భయపడాల్సింది తప్పు చేసినవాళ్లు. నాకేం భయం?"

సాయంత్రం నాలుగింటికి పోలీస్ స్టేషన్లో ఛాతీ విరుచుకుని కూర్చున్నాడు. సరిగ్గా అతని తల మీద, గోడకి ఒక పెద్ద పోస్టరుంది. గుర్రం పక్క నుంచి వెళ్లేటప్పుడు ఎంత దూరం వదలాలో, ఎంత నెమ్మదిగా పోవాలో, హారన్ ఎందుకు కొట్టకూడదో బొమ్మలతో సహా ఉంది. అన్నీ తెలిసినవాడికి చదవాల్సిన అవసరమేముంటుంది?

"గుర్రం మీద ఫిర్యాదా సార్?" అంది బల్ల వెనకున్న పోలీసమ్మ.

"గుర్రం మీదా, దాన్నెక్కిన మహారాణి మీదా. వీళ్లని రోడ్డెక్కనివ్వకూడదు."

పోలీసమ్మ ఫారం అతని ముందుకు జరిపింది. చాలా మర్యాదగా మాట్లాడింది. మర్యాద దొరికితే అతను ఉబ్బిపోతాడు.

"ఏ రోడ్డు సార్? టైమెంత?"

"కంచెల రోడ్డు. పొద్దున్న ఎనిమిదీ పది."

"ఆవిడ మీకేమీ సైగ చెయ్యలేదా?"

"చేసింది. చెయ్యి ఊపింది. అలాంటివాటికి జడిసే రకం కాదు నేను. హారన్ కొడుతూనే పోనిచ్చాను."

"గుర్రానికీ కారుకీ మధ్య ఎంత దూరముంటుంది?"

"జానెడు!" చేత్తో కొలిచి మరీ చూపించాడు. "ఇరవై రెండేళ్ల అనుభవమమ్మా. ఇంకొకడైతే గుద్దేసేవాడు."

"అబ్బో! అది కూడా రాయండి సార్. తర్వాత?"

"తర్వాతేముంది! మిగిలిన అద్దంలో చూస్తే గుర్రమొక్కటే కంచె దూకి పొలాలకడ్డంపడి పరిగెత్తుతోంది." నవ్వాడు. పోలీసమ్మ నవ్వలేదు. అతను గమనించలేదు. తను నవ్వితే లోకమంతా నవ్వుతోందనుకునే మనిషి.

అంతా పూసగుచ్చినట్టు రాశాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. చివర్లో సంతకం చేసి, కింద రెండు గీతలు కూడా గీశాడు. ఆవిడ అడగ్గానే లైసెన్సు తీసి బల్ల మీద పెట్టాడు. ఆవిడ కారు నంబరూ లైసెన్సు నంబరూ నెమ్మదిగా సరిచూసుకుంది.

"ఆ పొగరుబోతు దొరుకుతుందంటారా?" అన్నాడు, కార్డు కోసం చెయ్యి చాస్తూ.

"దొరకడానికేముంది సార్."

పోలీసమ్మ కార్డు ఇవ్వలేదు. సొరుగులోంచి ఇంకో కాగితం తీసి అతని ఫారం పక్కన పరిచింది. అక్షరాలు వంకర టింకరగా, చిన్నపిల్ల రాసినట్టున్నాయి.

"కుడిచెయ్యి విరిగిందట, ఆస్పత్రి మంచం మీద ఎడంచేత్తో రాసి పంపింది. పాపం, అన్నీ రాసింది సార్, మీ కారు నంబరొక్కటే చూళ్లేకపోయింది."