వడియాల చాప మీద ప్లగ్గు

పెదపాడంతటికీ ఒక్కటే మోటారు సైకిలు. ఏలూరు మేస్త్రీకి ఇవ్వడం నామోషీ అని బుచ్చిబాబు తనే విప్పాడు. కిరసనాయిలుతో కడిగిన సామాన్లు భార్య వడియాలు పెట్టిన చాప మీదే ఎండబెట్టాడు.

తిరిగి బిగించబోతే ఇంజను ప్లగ్గు లేదు.

"వడియాలతోపాటు డబ్బాలో పోశావా? కళ్ళెక్కడ పెట్టుకున్నావే?"

"వాటికి కిరసనాయిలు కంపు పట్టించింది మీరండీ," అంది వెంకటనరసమ్మ.

అతను డబ్బా బోర్లించాడు. వడియాలన్నీ కాలితో తన్నాడు. ప్లగ్గు దొరకలేదు.

"మధ్యాహ్నానికల్లా తాడేపల్లిగూడెం వస్తానని కబురంపాను. నా పరువు తీశావు కదే!"

"పోనీలెండి. మీ రెండో పెళ్ళాన్ని మరో రోజు చూసుకుందురుగాని," అంటూ ఆమె కొంగు చివర ముడిని బొడ్లో దోపుకుంది.

ముడిలో ప్లగ్గు గట్టిగా తగిలింది.