ఇంకొంచెం గట్టిగా

“మళ్ళా అడుగుతాండా. వాళ్ళు పిలిచింది నిన్నేనా, ఇంకో చాంద్ ఎవడన్నా ఉండాడా?”

ఆళ్ళగడ్డ బస్సు మైదుకూరు దాటకముందే జమాల్ బాషా ఆ మాట అడగడం ఇది మూడోసారి. కిటికీ పక్కన కూర్చున్న కొడుకు చాంద్ పళ్ళు నూరాడు.

“నన్నే నాయనా. నా పాట పేరు చెప్పి మరీ పిలిచినారు. శాలువా కప్పుతారంట.”

“నీ అరుపులకా?”

“అరుపులు కాదు, పాట. హెవీ మెటల్.”

“మెటల్ సంగతి నాకు చెప్తావా? కడపలో ముప్పై ఏండ్లుగా వెల్డింగు షాపు నడుపుతాండా. ఏ ఇనుమూ నీ మాదిరి మొత్తుకోలేదు.”

చాంద్ నోరు మూసుకున్నాడు. పాటగాడై ఉండి కూడా ఈ పదేళ్ళలో అతనికి బాగా అబ్బిన విద్య అదే.

కాలేజీలో పెట్టిన మొదటి బ్యాండు పేరు ‘నల్లరేగడి’. “గొంతు తగ్గించు, జనం లేచి పోతాండారు” అన్నాడు గిటారు వాయించేవాడు. తగ్గించలేదు, తీసేశారు. రెండోది ‘గండి’. గండికోట కింద ఓ ఊరి జాతరలో గుక్క తిప్పుకోకుండా పాడుతుంటే మైకువాడు వైరు పీకేసి, పసిపిల్లలు దడుచుకుంటున్నారన్నాడు. మూడోది బెంగళూరు బ్యాండు. వాళ్ళకు గొంతు నచ్చింది గానీ తెలుగు నచ్చలేదు. ఇంగ్లీషులో, అదీ కాస్త మెల్లగా పాడమన్నారు. పెట్టె సర్దుకుని ఇంటికొస్తే చుట్టాలు ఇంకో రకం. “మీ బ్యాండు పెళ్ళి ఊరేగింపులకు వస్తాదా?” అని అడిగి చంపారు.

కడుపు మండి, ఒక్కడే తండ్రి షాపులో కూర్చుని, సమ్మెట దెబ్బలనే దరువుగా పెట్టుకుని ‘పో’ అనే పాట చేశాడు. పొలం కబ్జా చేసినవాడి మీద రైతు కోపం అది. “పో... నా చేను వదిలి పో...” అని గొంతు చించుకుంటాడు. యూట్యూబులో పెడితే ఆర్నెల్లు ఈగ కూడా వాలలేదు.

ఇక చాలనుకుని జమాల్ బాషా తుమ్మలపల్లె గనిలో డ్రైవరు పని మాట్లాడి వచ్చాడు. “నీకు హెవీ మెటలే కావాలంటే యురేనియం కంటే హెవీ ఏముండాది? సోమవారం పోయి చేరు” అన్నాడు. సరిగ్గా అప్పుడే పాటకు ప్రాణం వచ్చింది. అదీ రాత్రిపూటే, పొద్దుగూకింది మొదలు తెల్లారేదాకా ఎవరో వింటూనే ఉన్నారు. ఆ వెంటనే అహోబిలం దోవలోని ఓ పల్లె నుంచి ఫోను. వినేవాళ్ళు నిజంగా ఉంటే గని మాట ఎత్తనని తండ్రి ఒప్పుకున్నాడు. కళ్ళారా చూస్తే గానీ నమ్మనని తనూ బస్సెక్కాడు.

పల్లె నల్లమల కొండను ఆనుకునే ఉంది. ఫోను చేసిన రైతు ఓబుళేశు బస్సు దగ్గరికే వచ్చి, చాంద్ చేతులు పట్టుకుని ఇంటిదాకా వదల్లేదు. అరుగు మీద ఊరంతా ఉంది. శాలువా కప్పారు. శనిక్కాయల మూట తెచ్చి ముందు పెట్టారు.

జమాల్ బాషా అంత తేలిగ్గా లొంగే ఘటం కాదు. “నిజం చెప్పప్పా ఓబుళేశూ. మావోని పాట మీరు వింటాండారా?”

“ఏ చేను కాడ చూసినా అదే పాటన్నా. దానికోసరమే స్పీకర్లు కొన్నాం. పొద్దుగూకితే పెడతాం, తెల్లార్లూ మోగుతాంటాది.”

రాత్రి కరెంటుకు నీళ్ళు కట్టే రైతులకు తన పాట తోడుగా ఉంటోందన్నమాట. చాంద్ గుండె పొంగింది.

“ఆ పాట ఇనపడతాంటేనే ఇంట్లో మాకు నిద్ర పట్టేది” అంది ఓబుళేశు భార్య గురమ్మ.

హెవీ మెటల్ జోలపాట కావడం లోకంలో ఇదే మొదలేమో. అదీ బాగానే ఉందనుకున్నాడు చాంద్.

“పోయినేడు మాకు గింజ మిగల్లేదు నాయనా” గురమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. “మా ఇంటాయన ఇంక బతికేదెందుకని మూలకు కూచున్న్యాడు. ఈ యేడు నీ పాటే మమ్మల్ని నిలబెట్టింది. నీకు మొక్కినా తప్పులేదు.”

జమాల్ బాషా తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. కొడుకు భుజం మీద చెయ్యేసి, “గనోళ్ళకు ఫోను చేసి, మావోడు రాడని చెప్తాలే” అన్నాడు.

చాంద్‌కు ఏడుపు ఆగలేదు. ఆ గిటారువాడు, ఆ మైకువాడు, ఆ బెంగళూరు వాళ్ళు అందరూ ఈ అరుగు ముందు నిలబడి ఇది వింటే ఎంత బాగుండేదో అనుకున్నాడు.

“ఒక్క మాట చాందప్పా” ఓబుళేశు నసిగాడు. “ఏమనుకోవద్దు. మాకు ఇంకో పాట చేసియ్యాల. దీనికంటే గట్టిగా అరవాల.”

చాంద్ తన చెవులను తానే నమ్మలేదు. పదేళ్ళుగా దొరికినవాళ్ళంతా తగ్గించమన్నవాళ్ళే. ఇంకా గట్టిగా అరవమన్న మొదటి మనిషి ఇతనే.

“చేస్తానన్నా. గొంతు పోయినా సరే, కొండ అదిరేట్టు చేస్తా. కానీ ఈ పాట మీకు ఇంత నచ్చింది గదా, అప్పుడే ఇంకోటి ఎందుకు?”

ఓబుళేశు నల్లమల దిక్కు చూసి నిట్టూర్చాడు.

“దీనికి అడవి పందులు అలవాటు పడినాయప్పా.”