కమాన్ రాళ్లు

దస్తగీర్ దుకాణం ముందు అరుగు మీద కొత్త అల్లాయ్ చక్రాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి.

వరుణ్ అన్నిటికంటే వెడల్పున్న దాని ముందు గొంతుక్కూర్చున్నాడు.

"గా చక్రం వద్దు భాయ్," అన్నాడు దస్తగీర్. "పికప్ ఎత్తు పెంచితేనే గది అందం. కంపెనీ ఎత్తు మీద పెడితే చక్రాలు మడ్‌గార్డు దాటి బయటికొస్తయ్. పెంచుదామా?"

"ఎత్తొద్దు. మా నాయనమ్మకు ఎక్కరాదు."

బండి వరుణ్ పేరు మీదే ఉంది. కొనిచ్చింది బాపు వేణుగోపాల్. అందులో తిరిగేవి ధూల్‌పేట్ విగ్రహాలకు పోయే రంగు డబ్బాలు, సోమవారాలు గుడికి పోయే నాయనమ్మ. బండి రంగు బాపు ఇష్టం, సీటు కవర్లు నాయనమ్మ ఇష్టం.

"చక్రాలు మాత్రం నీ ఇష్టం బిడ్డా," అన్నాడు బాపు, నిండు మనసుతో.

ఆ ఇంట్లో వరుణ్‌ని ఎవరూ పల్లెత్తు మాట అనరు. అదే వచ్చిన చిక్కు. కొట్లాడి బయటపడదామంటే కొట్లాడేవాళ్లే లేరు.

కంచన్‌బాగ్‌లో ఒక చిన్న ఇల్లు చూసి పెట్టింది అతని భార్య నందిని. ముందు బండి నిలపడానికి జాగా కూడా ఉంది. వేరుపడతామన్న మాట బాపు ముఖం చూసి చెప్పాలంటే వరుణ్‌కి నోరు పెగలదు. అందుకని ఆ మాట బండి చేత చెప్పిద్దామనుకున్నాడు, మహానుభావుడు.

"మీ ఇంటి ముంగట కమాన్ దర్వాజ యాదుందా?" అన్నాడు దస్తగీర్. "కింద రెండు దిక్కుల రాళ్లున్నయ్. ఇప్పుడే బండికి, రాళ్లకు నడుమ వేలెడు సందు. గివి పెడితే బండి లోపలికి పోదు."

"తెల్సు భాయ్."

దస్తగీర్ అతని ముఖంలోకి చూశాడు. "తెల్సే తీస్కుంటున్నవా?"

"బిగియ్యి."

ఎడ్లబండ్లు గోడను గీరకుండా తాత రామలింగయ్య దగ్గరుండి పాతించిన రాళ్లవి. ఏటా దసరాకు బాపు వాటికి పసుపు రాసి బొట్లు పెడతాడు. ఆ కమాన్‌కి ఒక మేకు కూడా కొట్టనివ్వడు.

చక్రాలు బిగించాక వరుణ్ ఇంటికి ఫోన్ చేశాడు.

"బాపూ, కొత్త చక్రాలు మస్తు వెడల్పున్నయ్. బండి కమాన్‌ల పట్టది."

బాపు ఒకటే అడిగాడు.

"నీకు నచ్చినయా?"

"నచ్చినయ్. గందుకే ఏందంటే, కంచన్‌బాగ్‌ల..."

"నచ్చినయ్ గద, గంతే చాలు. నేను జూస్తా. నువ్వు నిమ్మళంగ రా."

ఫోన్ పెట్టేశాడు.

దబీర్‌పురా దాటి, పొద్దు వాలుతుండగా వరుణ్ తమ సందులోకి తిరిగాడు. ఎదురుగా కమాన్. దాని అడుగున రాళ్లు లేవు. రెండు గుంతలున్నాయి.

రాళ్లు గోడవారన పడి ఉన్నాయి. వాటి మీద పసుపు ఇంకా పోలేదు.

బాపు గడ్డపార పట్టుకుని, చెమటకు చొక్కా తడిసి ముద్దయి, నవ్వుతున్నాడు.

"మీ తాతకు దండం పెట్టుకొనే తీసిన. నీకన్న ఎక్కువనా గీ రాళ్లు? ఇగ ఫికర్ లేదు. ఎంత పెద్ద చక్రాలన్న పెట్టుకో."

వరుణ్‌కి కోపం రావాలి. రాలేదు, ఏడుపొచ్చింది. బాపు అరచేతుల్లో బొబ్బలు కనిపిస్తున్నాయి.

నాయనమ్మ నాగమణమ్మ మోకాళ్లు పట్టుకుని వంగి, కమాన్‌కి లోపలి వైపున, చక్రాలు వచ్చే చోట నిమ్మకాయలు పెట్టింది.

నందిని చేతికి హారతి పళ్లెం ఇచ్చారు. ఆమె వరుణ్ వైపు చూడలేదు.

"రానీ బిడ్డా, రానీ," అంటూ బాపు రెండు చేతులూ ఊపుతూ వెనక్కి నడిచాడు.

నిమ్మకాయలు చితికాయి.

బండి ఎక్కడా తగల్లేదు.